పక్కింటికి వినబడకుండా

విరిగిన కళ్లజోడు చేతికిస్తే, అది ఎలా విరిగిందో అద్దాలమ్మ ఇట్టే చెప్పేస్తుంది. ఎవరైనా మీద కూర్చుంటే కాడలు రెండూ బయటికి పరుచుకుంటాయి. మెట్ల మీద జారిపడితే అద్దం అంచున పెచ్చు లేస్తుంది. చంటిపిల్లలు లాగితే మడత దగ్గర స్క్రూ ఊడి వస్తుంది. షాపుకొచ్చేవాళ్లు మాత్రం నిజం చెప్పరు. "దానంతటదే విరిగిందండీ" అంటారు. "అవునండీ, వాటికి మాత్రం విసుగు రాదా" అని ఆమె తల వంచుకుని పనిలో పడుతుంది.

ఆమె అసలు పేరు షాపులో ఎవరికీ గుర్తులేదు. భర్త బతికుండగానే ఈ పనిలో చేరింది. మొదట అద్దాలు తుడిచింది, తర్వాత ఫ్రేములు బిగించింది, ఆ తర్వాత అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసే మిషను ముందు కూర్చుంది. అప్పటినుంచి ఓనరుకీ వీధికీ ఆమె అద్దాలమ్మే.

ఇంట్లో నలుగురు. అద్దాలమ్మ, ఆమె అత్తగారు, కొడుకు, కోడలు. అత్తగారిని అందరూ పెద్దావిడ అంటారు. మోకాళ్లు పట్టేయడంతో హాల్లో కిటికీ పక్క మంచమే ఆవిడ ప్రపంచం. కొడుకు లిఫ్టులు బాగుచేసే కంపెనీలో పనిచేస్తాడు. కోడలు రక్తపరీక్షల ల్యాబులో మైక్రోస్కోపు చూస్తుంది. ఒక కూతురు కూడా ఉంది. దూరంగా వేరే ఊళ్లో పిల్లలకి ఈత నేర్పుతుంది. పెళ్లి చేసుకోలేదు, ఇంటికీ రాదు. ఫోన్ మాత్రం చేస్తుంది.

పెళ్లయిన ఏడాదిలోపే కోడలు ఒకరోజు కళ్లజోడు తెచ్చి ఇచ్చింది.

"నిద్రలో మీద దొర్లినట్టున్నాను అత్తయ్యా. కొంచెం సరిచేస్తారా?"

అద్దాలమ్మ చేతిలోకి తీసుకుని చూసింది. ఎడమ కాడ లోపలికి వంగి ఉంది. ముక్కు మీద ఆనే బుడిపె పక్కకి ఒరిగింది. నిద్రలో మీద దొర్లితే కళ్లజోడు బల్లపరుపుగా అణుగుతుంది కానీ ఇలా కాదు. పక్కనుంచి చెయ్యి వచ్చి తగిలితే తప్ప ఆ వంపు రాదు. ఆ వంపు ఆమె చేతికి తెలుసు, ఒంటికి కూడా తెలుసు.

"సర్లే, ఇటివ్వు" అంది.

షాపులో వేడిచేసి, వంపు తీసి, బుడిపె మార్చి, సాయంత్రానికి తెచ్చి ఇచ్చింది. కోడలు పెట్టుకుని చూసుకుని, "కొత్తవాటిలా ఉన్నాయి" అంది. అద్దాలమ్మకి లోపల చిన్న సంతోషం కూడా కలిగింది. పని బాగా కుదిరిందని. అంతకు మించి ఇద్దరూ ఏమీ మాట్లాడుకోలేదు.

కొడుకు చెడ్డవాడని ఎవరూ అనరు. వీధిలో ఎవరింట్లో ఫ్యాను ఆగినా వెళ్లి చూస్తాడు. తల్లి మోకాలి నొప్పికి మందు తెస్తాడు. నాయనమ్మని ఎత్తుకుని బాత్రూమ్ దాకా తీసుకెళ్తాడు. "నీ పెంపకమమ్మా" అని పక్కింటివాళ్లు అంటే అద్దాలమ్మ పొంగిపోయేది. తండ్రి పోలిక రాలేదని లోలోపల వెయ్యి దండాలు పెట్టుకునేది.

కొన్ని నెలల తర్వాత ఒక పొద్దున ఆమె వంటింట్లో టీ కాస్తోంది. గోడ అవతల గదిలో కొడుకు గొంతు పెరిగింది. షర్టు ఇస్త్రీ గురించి ఏదో. కోడలు జవాబు చెప్పింది. వెంటనే ఒక చప్పుడు వచ్చింది. పెద్దదేమీ కాదు, తడిబట్టని బండకేసి కొట్టినట్టుంది.

అద్దాలమ్మ చెయ్యి తనంతట తనే కదిలింది. మిక్సీ స్విచ్చి నొక్కింది. జార్లో ఏమీ లేదు. ఖాళీ జార్ గిర్రున తిరుగుతూ ఇల్లంతా హోరెత్తించింది. ఆ హోరులో ఇంకో చప్పుడు వచ్చిందో లేదో ఆమెకి తెలియలేదు. తెలియకూడదనే నొక్కింది.

గది తలుపు తెరుచుకుంది. కోడలు వచ్చింది. డ్యూటీకి తయారయ్యే ఉంది. ఎడమ చెంప కంది ఉంది, కళ్లజోడు చేతిలో ఉంది. తిన్నగా గోడ దగ్గరికి నడిచి ప్లగ్గు లాగేసింది.

"ఖాళీ జార్ తిప్పితే మోటారు కాలిపోతుంది అత్తయ్యా."

గొంతులో కోపమైనా లేదు. నీళ్ల సీసా నింపుకుని, చెప్పులేసుకుని వెళ్లిపోయింది. వెనకాలే కొడుకు తల దువ్వుకుంటూ వచ్చాడు.

"టీ అయిందా అమ్మా? ఆయింట్‌మెంటు తెచ్చి బల్ల మీద పెట్టాను. రాసుకున్నావా లేదా?"

ఆమె టీ పోసి ఇచ్చింది. కప్పు అందుకుంటున్న వాడి చేతిని చూసింది. మామూలు చెయ్యే. గోళ్ల సందుల్లో లిఫ్టు గ్రీజు.

ఆ రోజు షాపులో ఆమెకి ఏ పనీ సాగలేదు. ఒక అద్దాన్ని కొలతకు మించి అరగదీసింది. ఇంకోదాన్ని తిరగేసి బిగించింది. "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా?" అన్నాడు ఓనరు. "ఊరికే, తలనొప్పి" అని చెప్పి మధ్యాహ్నమే బయటికొచ్చింది. ఇంటికి పోబుద్ధి కాలేదు. ఒక వీధి చివరిదాకా వెళ్లి వెనక్కి తిరిగింది. మందుల షాపు ముందు ఆగి, ఏం కొనాలో గుర్తురానట్టు నిలబడి, మళ్లీ నడిచింది. నడుస్తూ నడుస్తూ కోడలు పనిచేసే ల్యాబు దగ్గరికి చేరింది.

అద్దాల తలుపులోంచి కోడలు కనబడింది. మైక్రోస్కోపు మీదికి వంగి ఉంది. కళ్లజోడు తీసి పక్కన పెట్టుకుంది. ఒక గాజుపలక తీసి ఇంకోటి పెట్టే మధ్యలో చేతి వెనకభాగంతో చెంప నొక్కుకుంది, ఎవరూ చూడకుండా, చప్పున. అద్దాలమ్మ లోపలికి వెళ్లలేదు. వెళ్లి ఏం అడగాలి? మోటారు గురించా?

ఇంటికొచ్చేసరికి పెద్దావిడ కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంది. అద్దాలమ్మ చెప్పులైనా విప్పకుండా ఆవిడ ఎదురుగా నిలబడింది.

"అత్తయ్యా, ఒకటి అడుగుతా. అప్పట్లో మీ అబ్బాయి నా మీద చెయ్యి చేసుకున్నప్పుడల్లా మీరు రేడియో గట్టిగా పెట్టేవాళ్లు. ఎందుకు?"

"రేడియోనా? అదెప్పుడో పాడైంది కదే."

"పాడవక ముందు సంగతి."

పెద్దావిడ దుప్పటి అంచు మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది.

"నీ ఏడుపు పక్కింటికి వినబడితే మీ మామ ఊరుకునేవాడా? కోడల్ని అదుపులో పెట్టుకోలేవా అని నా వీపు చిట్లగొట్టేవాడు. నీకు పడేవి ఎలాగూ పడుతున్నాయి, మళ్లీ నాకెందుకని పెట్టేదాన్ని."

ఇన్నేళ్లూ ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర గడిపిన మనుషులు. ఈ మాట ఎప్పుడూ వచ్చింది కాదు. అద్దాలమ్మ మంచం అంచున కూర్చుంది.

"మరి మీరు కొత్తగా వచ్చినప్పుడు?"

"నాకా? మా అత్త రోకలి తీసుకుని ఉత్త రోట్లో దంచేది."

"ఉత్త రోట్లోనా?"

"ఉత్త రోట్లోనే. చుట్టుపక్కల వాళ్లంతా అనుకునేవాళ్లు, వీళ్లింట్లో ఎంత దంచుకుంటారో, ఎంత తింటారో అని."

ఇద్దరికీ నవ్వొచ్చింది. పెద్దావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. ఆ నవ్వు ఎక్కడ ఆపాలో తెలియక, ఒకరి మొహం ఒకరు చూసుకుని ఇద్దరూ ఒక్కసారే ఆపేశారు.

ఆ సాయంత్రం కొడుకు రాగానే ఆమె వాణ్ణి నిలబెట్టి అడిగింది.

"పొద్దున దాన్ని కొట్టావా?"

"కొట్టడమేంటమ్మా, చెయ్యి తగిలింది."

"చెయ్యి తగలడం వేరు, చెయ్యి చేసుకోవడం వేరు. ఎవరికి చెప్తున్నావురా?"

వాడు కూలబడిపోయి తల్లి ఒళ్లో తల పెట్టుకున్నాడు. "నాన్నలా అయిపోతున్నానేమోనని నాకే భయంగా ఉందమ్మా. ఇంకెప్పుడూ చెయ్యను. నీ మీద ఒట్టు" అన్నాడు. వెక్కి వెక్కి ఏడ్చాడు. తండ్రి కేకలేస్తుంటే మంచం కింద దూరి చెవులు మూసుకున్న పిల్లాడు ఆమె కళ్లముందు మెదిలాడు. తెలియకుండానే వాడి జుట్టు నిమిరింది.

కోడలు రాగానే ఎదురెళ్లి చెప్పింది. "వాడు ఒట్టు పెట్టాడమ్మాయ్. నా మీద."

"మీ మీద పెట్టారు కదా అత్తయ్యా" అని కోడలు చెప్పులు విప్పి పక్కన పెట్టింది. "కొట్టింది నన్ను."

మర్నాడు కూతురికి ఫోన్ చేసింది. అవతల నీళ్ల చప్పుడు, పిల్లల కేరింతలు. అంతా విని కూతురు ఒక్కటే అడిగింది.

"ఏడ్చాడా?"

"ఏడ్చాడే, పాపం."

"నాన్న కూడా ఏడ్చేవాడు. నువ్వు ఇలాగే పాపం అనేదానివి. నేను తలుపు సందులోంచి చూసేదాన్ని." అంతలో ఈల వినబడింది. "ఒరేయ్, తోసుకోవద్దని చెప్పానా! ... ఆఁ, అమ్మా. ఇంటికెందుకు రావు, ఇంటికెందుకు రావు అని సతాయిస్తావు కదా. ఆ గడప తొక్కగానే నా చెవులు చప్పుడు కోసం వెతుక్కుంటాయి. గిన్నె కిందపడ్డా ఉలిక్కిపడతాను. ఇక్కడ నీళ్లలో మునిగితే ఏదీ వినబడదు."

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటావే?"

"నన్నడుగుతావేంటి? ఆ పిల్లనడుగు."

ఆమె అడగలేదు. ఇవాళ అడగాలి, రేపు అడగాలి అనుకుంటూనే రోజులు నెట్టుకొచ్చింది. కొడుకు మాత్రం బుద్ధిమంతుడైపోయాడు. కోడలికి కొత్త చెప్పులు తెచ్చాడు. తిన్న కంచం తనే కడిగాడు. ఆమెకి మాత్రం ఇంట్లో ఒకచోట కాలు నిలవలేదు. అన్నం ముందు కూర్చుని మధ్యలో లేచేది. వాళ్ల గది బయట తుడిచిన అలమరనే మళ్లీ తుడిచేది. లోపల ఎవరైనా దగ్గితే చేతిలో గుడ్డ ఆగిపోయేది. తలుపు కొంచెం గట్టిగా పడితే చటుక్కున అటు తిరిగేది. కూతురు చెప్పిన చెవులు ఇవేనా అనిపించింది ఒకసారి.

ఒక సాయంత్రం షాపు కిటకిటలాడుతోంది. కళ్ల పరీక్ష కోసం ఒక ముసలాయన వరసలో కూర్చున్నాడు. ఒక నడివయసు ఆవిడ ఫ్రేములు ఒక్కొక్కటే పెట్టుకుని అద్దంలో చూసుకుంటోంది. అద్దాలమ్మ వెనక మూల మిషను మీద ఉంది. తలుపు తోసుకుని కోడలు లోపలికొచ్చింది. పెళ్లయ్యాక ఆ షాపులో ఆమె అడుగుపెట్టడం అదే మొదలు. కుడి కనుబొమ్మ మీద పట్టీ వేసి ఉంది. సరిగ్గా కనబడక, బల్ల అంచు పట్టుకుంటూ తడుముకుంటూ వచ్చింది. చేతిలోని రుమాలు విప్పి బల్ల మీద పరిచింది. అందులో కళ్లజోడు ముక్కలు.

"అరె, మన కోడలుపిల్ల!" అన్నాడు ఓనరు. "అయ్యో, ఇవి ఎలా విరిగాయమ్మా?"

"మా అత్తయ్యనడగండి. చూడగానే చెప్పేస్తారు కదా."

మిషను ఆగింది. అద్దాలమ్మ లేచి వచ్చి ముక్కలు చూసింది. కుడి అద్దం మధ్యకి చీలింది. రెండు అద్దాల్నీ కలిపే ముక్కు వంతెన లోపలికి విరిగింది. ముట్టుకోకుండానే తెలిసిపోయింది. మెట్ల మీద పడి ఉంటాయి అనే మాట నాలుక చివరికి వచ్చింది. తలుపు తగిలి ఉంటుంది, దానంతటదే విరిగి ఉంటుంది, ఇన్నేళ్లుగా ఆ బల్లకి అవతల నిలబడి జనం చెప్పిన అబద్ధాలన్నీ నోటికి వరస కట్టాయి. అందరూ ఆమెకేసే చూస్తున్నారు. కోడలికి ఆమె మొహం సరిగ్గా కనబడుతూ ఉండదు. అయినా కళ్లు చికిలించి అటే చూస్తోంది.

"కొట్టాడండీ" అంది అద్దాలమ్మ.

"ఎవరు?"

"మా అబ్బాయి. ఎదురుగా నిలబడి, పిడికిలితో." రుమాలు తన వైపుకి లాక్కుంది. "ఇది మొదటిసారి కాదు. ఇంతకుముందు వంగినవి నేనే సరిచేసి ఇచ్చాను."

ఓనరుకి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మంచినీళ్లు, మంచినీళ్లు అంటూ లోపలికి వెళ్లి, గ్లాసు లేకుండా తిరిగొచ్చాడు. ముసలాయన దగ్గి తల దించుకున్నాడు. ఫ్రేములు చూస్తున్న ఆవిడ మాత్రం చేతిలోది కింద పెట్టి, ఒక స్టూలు లాక్కొచ్చి కోడలి వెనక వేసింది. "కూర్చోమ్మా" అని ఆమె భుజం మీద చెయ్యి వేసి, తియ్యకుండా అలాగే నిలబడింది.

కోడలి పవరు అద్దాలమ్మకి కంఠస్థం. కొత్త అద్దాలు తీసి మిషను మీద పెట్టింది. పని అయ్యాక కళ్లజోడు తనే కోడలికి పెట్టి, చెవుల వెనక కాడలు సర్దింది. అంత దగ్గరగా చూస్తే పట్టీ కింద నెత్తురు ఇంకా ఆరలేదు.

"నొప్పిగా ఉందా?" అంది. ఆ మాట అడగడం అదే మొదటిసారి అని అడిగాక తెలిసింది.

"ఉంది" అంది కోడలు.

ఇద్దరూ కలిసి ఇంటికి నడిచారు. కొడుకు హాల్లో కూర్చుని ఫోన్ చూసుకుంటున్నాడు. అద్దాలమ్మ తిన్నగా వాడి గదిలోకి వెళ్లి, సంచీ కిందికి దించి, షర్టులు కుక్కడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావమ్మా?"

"నీ బట్టలు సర్దుతున్నా. నువ్వెళ్తున్నావు."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా సరే. ఈ ఇంట్లో మాత్రం ఉండవు."

వాడికి అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఆ తర్వాత ఇల్లు దద్దరిల్లింది. నా పెళ్లాం మాటలు విని కన్నకొడుకుని గెంటేస్తావా అన్నాడు. ఇది మా నాన్న కొంప అన్నాడు. దీనంతటికీ కారణం నువ్వే అని కోడలి మీదికి వేలు చూపించాడు. అద్దాలమ్మ ఇద్దరి మధ్యకీ వచ్చి నిలబడింది. పక్కకి తప్పుకోలేదు. అప్పుడు మంచం మీదనుంచి పెద్దావిడ గొంతు వినబడింది.

"ఏమే, కిటికీలు తెరువు."

"ఇప్పుడు కిటికీల గోలేంటి నాయనమ్మా!"

"గాలాడట్లేదురా. తెరువమ్మాయ్, అన్నీ తెరువు."

తన పక్కనున్న కిటికీ రెక్కని ఆవిడే చేతికర్రతో తోసేసింది. అద్దాలమ్మ రెండో కిటికీ తెరిచింది. కోడలు వెళ్లి వీధి తలుపు బార్లా తీసింది. ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్న ఆవిడ చేతులు ఆగాయి. కింద సైకిలు తుడుచుకుంటున్న ఆయన తలెత్తి చూశాడు.

కొడుకు గొంతు ఠక్కున పడిపోయింది. తిట్లు ఆగలేదు. అవే తిట్లు, అవే మాటలు, కానీ పళ్ల బిగువున, గుసగుసగా వస్తున్నాయి. అద్దాలమ్మ నోరు తెరుచుకుని చూసింది. కోపం వస్తే వాడికి ఒళ్లు తెలియదని ఇన్నాళ్లూ తనకు తను చెప్పుకుంది. వాడి తండ్రికి కూడా ఒళ్లు తెలియదనే అనుకుని కాపురం చేసింది. గొంతు ఎప్పుడు పెంచాలో, ఎప్పుడు తగ్గించాలో వీళ్లకి చక్కగా తెలుసు.

"షాపులో అందరి ముందూ చెప్పేశాను" అంది ఆమె. "ఇక గుసగుసలు అక్కర్లేదు. గట్టిగానే మాట్లాడు."

వాడు తెల్లబోయి చూశాడు. సంచీ లాక్కున్నాడు. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "తిన్నానో లేదో కూడా అడగవా అమ్మా?" అన్నాడు. ఆ మాట సూటిగా వచ్చి తగిలింది. వాడు తినలేదని ఆమెకి తెలుసు. వాడు వీధి మలుపు తిరిగేదాకా తలుపు పట్టుకుని నిలబడింది.

మర్నాడు పొద్దున్నే లేచి కోడలికి నచ్చినవన్నీ వండింది. ఇక మనిద్దరం అనే మాట ఎలా మొదలుపెట్టాలో కూడా ఆలోచించి పెట్టుకుంది. కోడలు సూట్‌కేసుతో గదిలోంచి వచ్చింది.

"అదేంటి? వాడు వెళ్లిపోయాడుగా! నువ్వెందుకు వెళ్లడం?"

"ల్యాబులో నాతో పనిచేసే అమ్మాయి తన గదిలో చోటిచ్చింది అత్తయ్యా. ఈ ఇంట్లో నాకు నిద్ర పట్టదు."

"నేనుండగా నీకేం భయం?"

"మీరుండగానే కదా అన్నీ జరిగాయి."

అద్దాలమ్మ పొయ్యి ఆర్పింది.

"నిన్న మీరు చేసింది చిన్న పనేం కాదు, నాకు తెలుసు" అంది కోడలు. "నేను కంప్లయింటు ఇస్తున్నాను. విడాకులు కూడా అడుగుతాను. షాపులో చెప్పిన మాట స్టేషన్లో చెప్తారా? ఇప్పుడే చెప్పొద్దు. ఆలోచించుకోండి."

ఆ తర్వాతి రోజులు ఆమెకి ముళ్ల మీద నడిచినట్టు గడిచాయి. మరిది ఫోన్ చేసి "కన్నకొడుకుని రోడ్డుకెక్కిస్తే నీకేం ఒరుగుతుంది వదినా?" అన్నాడు. కొడుకు స్నేహితుడొకడు ఛార్జరు తీసుకెళ్లడానికి వచ్చి, "వాడు సరిగ్గా తినట్లేదాంటీ" అని ఒక మాట అంటించి పోయాడు. కోడలి మీద కూడా కోపం వచ్చింది. కడుపున పుట్టినవాణ్ణి కాదని నీకోసం నిలబడితే, ఒక్కపూట కూర్చుని తినకుండా పోతావా? ఆ కోపంతోనే ఊరంతా తిరిగింది. షాపుకి వెళ్లేదారి వదిలేసి వేరే దారుల్లో వెళ్లింది. చివరికి కూతురికి ఫోన్ చేసి అక్కసంతా వెళ్లగక్కింది.

"అంత చేస్తే ఇంతేనా అని అనిపించదా ఎవరికైనా?"

"నీ దగ్గర ఎందుకుండాలమ్మా ఆ పిల్ల?" అంది కూతురు. "నేనున్నానా?"

అద్దాలమ్మ ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నిలబడిపోయింది. కూతురు కూడా పెట్టెయ్యలేదు. కాసేపయ్యాక, "స్టేషన్‌కి వెళ్లేటట్టుంటే చెప్పు. సెలవు పెట్టి వస్తాను" అంది. ఇన్నేళ్లలో వస్తాను అనే మాట ఆ పిల్ల నోట రావడం అదే మొదలు. అద్దాలమ్మ మాత్రం ఆగలేదు. కూతురొచ్చేదాకా ఆగితే మళ్లీ మనసు మారుతుందేమోనని భయం. ఆ రోజు పోలీసులు వాళ్లిద్దర్నీ పిలిపించారని ఆమెకి తెలుసు. చీర మార్చుకుని అప్పటికప్పుడే బయల్దేరింది.

స్టేషన్ వరండాలో బెంచీ మీద కొడుకు ఉన్నాడు. గడ్డం పెరిగింది, షర్టు నలిగింది. తల్లిని చూసి లేవబోయాడు. తనకోసమే వచ్చిందనుకున్నాడు. ఆమె పక్కనుంచి దాటి లోపలికి వెళ్లి, కోడలి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చునేసరికి వాడి మొహం మాడిపోయింది. అటు తిరిగిపోయాడు.

ఆడ ఆఫీసరు ఒకావిడ ఎదురుగా కూర్చుంది. "మీరు కళ్లారా చూశారా?" అంది.

"చూళ్లేదండీ. విన్నాను."

"విని ఏం చేశారు?"

అద్దాలమ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "మిక్సీ వేశాను. పక్కింటికి వినబడకుండా."

ఆఫీసరు రాయడం ఆపి తలెత్తి చూసింది. ఆమె అంతా చెప్పింది. వంగిన కాడ, కందిన చెంప, చీలిన అద్దం, ఒట్టు, ఏడుపు. చెప్తున్నంతసేపూ వరండాలో కొడుకు దగ్గు వినబడుతూనే ఉంది. జలుబు చేసినట్టుంది, మందు వేసుకున్నాడో లేదో అని ఒక పక్క మనసు అటే పోతోంది. నోరు మాత్రం ఆగకుండా చెప్పుకుపోయింది. వాణ్ణి మళ్లీ పిలిపిస్తామని, ఆమె కోర్టుకి కూడా రావాల్సి ఉంటుందని ఆఫీసరు చెప్పింది. "వస్తాను" అంది అద్దాలమ్మ.

బయట బస్టాపులో ఇద్దరూ పక్కపక్కనే నిలబడ్డారు. బస్సు రాగానే కోడలు ఎక్కుతూ వెనక్కి తిరిగింది.

"వస్తానండీ" అంది.

అత్తయ్యా అనలేదు. బస్సు కదిలాక గానీ అద్దాలమ్మకి ఆ తేడా తెలియలేదు. బాధేసింది. ఆ పిల్ల మొహం మాత్రం చాన్నాళ్ల తర్వాత తేటగా ఉంది.

ఇంటికొచ్చేసరికి పెద్దావిడ మంచం మీద లేదు. చూస్తే గోడ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ వీధి తలుపు దాకా వచ్చి నిలబడి ఉంది.

"ఏంటత్తయ్యా ఇది, పడిపోతారు!"

"చెప్పావా?"

"చెప్పాను."

"అంతా విన్నారా?"

"విన్నారు. కుర్చీ వేసి మరీ విన్నారు."

పెద్దావిడ ఆమె చెయ్యి పట్టుకుంది. "నన్ను కూడా తీసుకెళ్లు. నాకూ చెప్పాల్సింది ఉంది."

"ఎవరి మీద చెప్తారు? అందరూ పోయారుగా!"

"పోతే పోయారు. నేనున్నాను కదా."

"ఇవాళ కాదులెండి. ఇప్పటికే పొద్దుపోతోంది."

"స్టేషన్ మూసేస్తారా?"

"మూయరు."

"మరింకేం" అని పెద్దావిడ చుట్టూ చూసింది. "నా చెప్పులెక్కడున్నాయే?"

ఆ చెప్పులు ఎప్పటినుంచో మంచం కింద మూలకి తోసి ఉన్నాయి. అద్దాలమ్మ మోకాళ్ల మీద వంగి వాటిని బయటికి లాగింది. చీర కొంగుతో దుమ్ము తుడిచింది. వాచిన పాదాలకి ఒక పట్టాన ఎక్కలేదు. పట్టీలు వదులు చేసి, ఒక్కొక్క వేలూ లోపలికి సర్దుతుంటే, పెద్దావిడ ఆమె భుజం మీద చెయ్యి ఆనించి, తొందరగా కానివ్వవే అంటూ అప్పుడే వీధిలోకి చూస్తోంది.